రాజావారి జ్వరం విమానమెక్కింది

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. పాపం, వాళ్లకి తెలిసిన దూరం పక్క ఊరి నాటువైద్యుడి దాకానే. ఆ సామెతకి ప్రత్యేక విమానం, లండన్‌లో విడిది, రన్‌వే పక్కన చేతులు కట్టుకుని నిలబడే మంత్రుల వరస అమర్చి అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చినవాళ్లు పేద దేశాల ఏలికలు. వాళ్లలో అగ్రతాంబూలం ఎవరికని అడిగితే నేను తడుముకోను. నైజీరియాకే.

కథ 1983 డిసెంబర్ 31న మొదలవుతుంది. ఆ రోజు రేడియోలో సానీ అబాచా అనే బ్రిగేడియర్ ప్రభుత్వాన్ని కూలదోశామని ప్రకటించాడు. సైన్యం ఎందుకు దిగాల్సి వచ్చిందో చదివిన చిట్టాలో ఆస్పత్రులు కూడా ఉన్నాయి. మందుల్లేవు, నీళ్లు లేవు, పరికరాల్లేవు, ఆస్పత్రులు ఉత్త చీటీలు రాసిచ్చే చోట్లుగా మిగిలాయని వాపోయాడు. సూదిమందు దొరకడం లేదని తుపాకీ పట్టిన సైన్యం చరిత్రలో ఇంకొకటి ఉందో లేదో! ఆ తుపాకుల మీదుగా గద్దెనెక్కిన మేజర్ జనరల్ ముహమ్మదు బుహారీ. ఇరవై నెలలు తిరిగేసరికి ఇంకో జనరల్ వచ్చి ఆయన్ని దించేశాడు కాబట్టి ఆస్పత్రుల సంగతి చూసే తీరిక చిక్కలేదు. ఆ మిగిలిన పని పూర్తి చేయడానికే కాబోలు, 2015లో ఓట్లతో మళ్లీ వచ్చారు.

వస్తూనే మాటిచ్చారు. స్వదేశంలో కుదిరే వైద్యానికి ప్రభుత్వాధికారులు విదేశాలకి పోతామంటే దేశం కష్టార్జితాన్ని అందుకు ధారపోయనివ్వబోమని 2016 ఏప్రిల్‌లో డాక్టర్ల సంఘం సభకి చెప్పారు. డాక్టర్లు చప్పట్లు కొట్టే ఉంటారు. అవి మరీ గట్టిగా మోగాయో ఏమో, జూన్ కల్లా ఆయన చెవికి ఇబ్బంది వచ్చింది. చెవి చూపించుకోవడానికి లండన్ వెళ్లారు. నైజీరియాలో చెవి డాక్టర్లు లేరా అంటే ఉన్నారు. జాతీయ చెవి వైద్య కేంద్రమని సాక్షాత్తూ ఫెడరల్ ప్రభుత్వ సంస్థే ఒకటుంది. అది ఏ అడవిలోనో లేదు, బుహారీగారికి సొంతిల్లున్న కడూనా నగరంలోనే ఉంది. పెరడంటే ఇంతకన్నా పెరడు ఏముంటుంది?

గిట్టనివాళ్లు దీన్ని పారిపోవడం అన్నారు. నాకు మాత్రం త్యాగంలా కనిపిస్తుంది. జనానికే చాలని ఆస్పత్రిలో తానొక మంచం ఆక్రమించకూడదని, తన వంతు సూదిని కూడా పేదవాడికే వదిలేయాలని, అయిదు వేల కిలోమీటర్ల అవతల చలిలో ఒంటరిగా బాధపడటం మామూలు మనుషులకి సాధ్యమా?

2017లో ఈ త్యాగం పరాకాష్ఠకి చేరింది. జనవరిలో వెళ్లి మార్చిలో వచ్చారు. మే 7న మళ్లీ వెళ్లి ఆగస్టు 19న వచ్చారు. ఈ రెండో విడతే వంద రోజులు దాటింది. జబ్బేమిటో దేశానికి చెప్పలేదు, చివరిదాకా చెప్పలేదు. చెప్పకపోయేసరికి జనం తమకి తోచింది తాము చెప్పుకున్నారు. అసలాయన పోయాడు, వచ్చినవాడు సూడాన్ నుంచి తెచ్చిన నకిలీ అన్న పుకారు ఎంత దూరం పోయిందంటే, మరుసటి ఏడాది డిసెంబర్‌లో పోలండ్ వెళ్లినప్పుడు అక్కడి నైజీరియన్ల ముందు నిలబడి నేను నేనేనని ఆయన హామీ ఇవ్వాల్సి వచ్చింది. వైద్య పరీక్షలకని తరచుగా విదేశాలకి వెళ్లే నాయకులకి నాదో ఉచిత సలహా. రిపోర్టులతోపాటు మీరు మీరేనని ఒక సర్టిఫికెట్టు కూడా అక్కడే రాయించుకుని వచ్చేయండి.

ఇక ఎలుకల సంగతి. ఆగస్టులో తిరిగొచ్చిన అధ్యక్షుడు ఆఫీసుకి వెళ్లలేదు. ఏమయ్యా అంటే, ఆయన లేని నెలల్లో ఎలుకలు చొరబడి ఆఫీసులో సామాను, ఏసీ కొరికేశాయి, బాగుచేసేదాకా ఇంటి నుంచే పనిచేస్తారని అధికార ప్రతినిధి గర్బా షెహూ ప్రకటించారు. ప్రపంచమంతా నవ్వింది. నాకు ఆ ఎలుకల మీద గౌరవం కలిగింది. దేశాధినేత లేకపోయినా రోజూ వేళకి ఆఫీసుకొచ్చి కాగితాల పని చూసినవి అవే కదా! అయితే ఆ గౌరవం కూడా నిలవలేదు. అధ్యక్షుడి ఆరోగ్యం గురించిన ప్రశ్నలు దారి మళ్లించడానికి ఎలుకల కథ నడిపించామని షెహూగారే 2025లో అచ్చేసిన తన పుస్తకంలో ఒప్పేసుకున్నారు. అంటే ఎనిమిదేళ్ల పాటు ఒక మూగజాతి చేయని నేరానికి నింద మోసింది. దానికి క్షమాపణ చెప్పినట్టు ఎక్కడా చదవలేదు.

అధ్యక్ష భవనంలో ఆస్పత్రి లేదా అంటే అదీ ఉంది. అసో రాక్ అనే ఆ రాజభవనం ఆవరణలో సొంత క్లినిక్కు ఉంది. దానికి కేటాయించిన సొమ్ము 300 కోట్ల నైరాలకి పైమాటే కదా, పారాసిటమాల్ బిళ్లలు, గ్లోవ్స్, సిరంజిలు ఎందుకు లేవని 2017లో బహిరంగంగా అడిగింది ప్రతిపక్షం కాదు, అధ్యక్షుడి కూతురు. అక్టోబర్‌లో ఆయన భార్య ఆయిషా బుహారీ అందుకున్నారు. తనకి ఒంట్లో బాగోలేకపోతే మొదటి విమానంలో లండన్ వెళ్లమన్నారట. ఆవిడ పోనని, ఎక్స్‌రే మిషన్ ఉందా అని క్లినిక్కుకి ఫోన్ చేశారట. ఉందిగానీ పనిచేయడం లేదన్నారట. చివరికి విదేశీయులు నడిపే ప్రైవేటు ఆస్పత్రికి పోవాల్సి వచ్చిందని, ఒక్క సిరంజి లేని చోట కట్టడాలెందుకని, అధికారుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నిలదీశారు. 1983లో బ్రిగేడియర్ రేడియోలో చదివిన చిట్టానే 2017లో ప్రథమ మహిళ మైకులో చదివారు. రెండు చిట్టాలకీ మధ్య 34 ఏళ్లు. మొదటిసారి లాభపడింది, రెండోసారి నష్టపడింది ఒకే ఇంటాయన.

ఆవిడ మాటకి ఫలితం దక్కలేదనడం అన్యాయం. దాదాపు 2,100 కోట్ల నైరాలు పోసి అధ్యక్షుడికీ ఆ హోదా వాళ్లకీ ప్రత్యేక వైద్య విభాగం కట్టారు. 2023 మేలో, పదవి దిగడానికి పది రోజుల ముందు, బుహారీగారే రిబ్బను కత్తిరించారు. ఆయన 2025 జూలై 13న లండన్ క్లినిక్కులో కన్నుమూశారు. తర్వాత ఆయన మాజీ సలహాదారు ఫెమి అడెసినా టీవీలో చెప్పిన మాట మాత్రం బంగారు అక్షరాలతో చెక్కి ఆ రిబ్బను కత్తిరించిన గుమ్మం మీద పెట్టాలి. గొప్పకోసం నైజీరియాలోనే వైద్యం చేయించుకుంటానని పట్టుబట్టి ఉంటే ఆయన ఎప్పుడో పోయి ఉండేవారట! ఎనిమిదేళ్లు ఏలిన ప్రభుత్వం పనితీరు మీద ప్రతిపక్షం కూడా ఇంత ఘాటైన రిపోర్టు ఇవ్వలేదు.

డాక్టర్ల కొరతా? ఛ, అలా అనకండి. 2019లో కార్మిక మంత్రి క్రిస్ ఎన్గిగే, స్వయంగా డాక్టరే, టీవీలో లెక్క తేల్చారు. మా దగ్గర డాక్టర్లు మిగిలిపోతున్నారు, వెళ్లేవాళ్లని వెళ్లనివ్వండి అన్నారు. వెళ్లారు. బ్రిటన్ ప్రభుత్వాసుపత్రుల్లో వేల మంది నైజీరియా డాక్టర్లు పనిచేస్తున్నారు. దేశం సొమ్ముతో చదివినవాడు లండన్ చేరతాడు, దేశం సొమ్ముతో వైద్యం కావలసినవాడూ లండన్ చేరతాడు. వార్డులో ఇద్దరూ ఎదురుపడితే సొంత భాషలో కుశలప్రశ్నలు వేసుకోవచ్చు. ఇంతోటి సంబంధానికి మధ్యవర్తి కమీషన్ ఇంగ్లండుకి. 2021లో బుహారీగారు పరీక్షల కోసం లండన్ విమానమెక్కిన రెండు రోజులకే, ఏప్రిల్ 1న, స్వదేశంలో మిగిలిన రెసిడెంట్ డాక్టర్లు జీతాల కోసం సమ్మెకి దిగారు. తేదీ చూసి ఏప్రిల్ ఫూల్ అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు.

అసలు తమాషా ఏమిటంటే, ఆఫ్రికా దేశాధినేతలంతా కూర్చుని బడ్జెట్టులో 15 శాతం ఆరోగ్యానికి పెడతామని ప్రతిజ్ఞ చేసింది 2001 ఏప్రిల్‌లో, నైజీరియా రాజధాని అబుజాలోనే. దాన్ని అబుజా డిక్లరేషన్ అంటారు. ఆతిథ్యమిచ్చిన దేశం ఆ గీత ఇంతవరకూ ఒక్కసారీ అందుకోలేదు. పెళ్లికి పందిరి వేసింది వాళ్లు, భోజనం మాత్రం వేరే ఊళ్లో.

మిగతా వాళ్ల గురించి ఎక్కువ చెప్పను, జాబితా చదివితే సంతాప సభలా ఉంటుంది. గాబన్‌ని 1967 నుంచి ఏలిన ఒమర్ బోంగో 2009లో బార్సిలోనాలో పోయారు. జాంబియా అధ్యక్షుల్లో ఒకరు పారిస్‌లో, ఒకరు లండన్‌లో. ఇథియోపియా ప్రధాని బ్రసెల్స్‌లో. నైజీరియాలోనే బుహారీగారి కన్నా ముందు ఏలిన యార్‌అదువా 2009 నవంబర్‌లో సౌదీ ఆస్పత్రికి పోయి, అధికారం ఎవరికీ అప్పగించకుండా ఉండిపోయారు. చివరికి ఆయన రేడియోకిచ్చిన ఇంటర్వ్యూనే సెలవు చీటీగా లెక్కేసి, పార్లమెంటే ఉపాధ్యక్షుడికి పగ్గాలిచ్చింది. జింబాబ్వే ముగాబే 2019 సెప్టెంబర్ 6న సింగపూర్ ఆస్పత్రిలో పోయేనాటికి స్వదేశంలో డాక్టర్లు సమ్మెలో ఉన్నారు. అదే దేశపు ఉపాధ్యక్షుడు చివెంగా ఆ ఏడాదే చైనాలో నెలల తరబడి వైద్యం చేయించుకుని కోలుకుని వచ్చారు. ఆ అనుభవాన్ని వృథా పోనివ్వకూడదని 2020 ఆగస్టులో ఆయనకే ఆరోగ్యశాఖ అప్పగించారు. పరాయి ఆస్పత్రి ఎలా ఉండాలో తెలిసినవాడికన్నా అర్హుడెవరు?

ఆ 2020లోనే కదా కరోనా వచ్చి విమానాలన్నీ నేల మీద నిలబెట్టింది. రాజులు తమ రాజ్యంలోనే చిక్కుకుపోయారు. నైజీరియా ప్రభుత్వ కార్యదర్శి బాస్ ముస్తఫాని కరోనా కమిటీకి పెద్దని చేశారు. కొద్ది వారాలకి ఆయన పార్లమెంటు పెద్దల దగ్గరికొచ్చి, ఈ పని మీద వేసేదాకా మన ఆస్పత్రులు ఇంత అధ్వాన్నంగా ఉన్నాయని నాకు తెలియనే తెలియదని చెప్పారు. ఆయన అబద్ధమాడారని నేను అనుకోను. లండన్ దారిలో ఆ ఆస్పత్రులు తగలవు మరి.

రాజు ఎక్కిన దారే ప్రజలూ ఎక్కుతారు, కాకపోతే చౌక టికెట్టు మీద. లండన్ అందనివాళ్లు ఢిల్లీ, చెన్నై, హైదరాబాద్ వస్తారు. మెడికల్ వీసా, వెంట ఇద్దరికి అటెండెంట్ వీసాలు, ఆస్పత్రి పంపిన ఆహ్వాన పత్రం, యెల్లో ఫీవర్ టీకా కార్డు. హైదరాబాద్ అయితే టోలిచౌకిలో గది అద్దెకి. మన నగరం కొంతమందికి లండన్ అని నాకు తెలిసింది పోయిన వేసవిలో, మా బాబాయికి గుండె పరీక్షలని ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో మూడు రోజులు పడిగాపులు పడ్డప్పుడు. దాని పేరెందుకు, అన్నీ ఆ అచ్చులో పోసినవే. ముందు గుమ్మంలో విదేశీ రోగుల విభాగం: మెత్తటి సోఫాలు, అరబిక్ బోర్డులు, బల్ల మీద చిన్న చిన్న జెండాలు, గాజు గిన్నెలో ఖర్జూరాలు. పక్క సందులోంచి లోపలికి పోతే ఆరోగ్యశ్రీ కౌంటర్: అక్కడ ఒక స్టీలు బెంచీ, దానికి మూడు కాళ్లు, నాలుగో కాలు చోట ఇటుక.

రెండు గుమ్మాల వాళ్లకీ ఉమ్మడిగా ఉన్నది బయటి టీ బండి ఒక్కటే. అక్కడ నాకు ఒకవైపు కానో నగరం నుంచి వచ్చిన బడిపంతులు, ఇంకోవైపు పాలమూరు దిక్కు నుంచి వచ్చిన ఒక రైతు. పంతులు అన్నకి కిడ్నీలు రెండూ పోయాయి, తనది ఒకటి ఇవ్వడానికి వచ్చాడు. వాళ్లింట్లో వైద్యానికి డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టినప్పుడు డాలరు 460 నైరాలు. పొలం అమ్మి, చుట్టాలందరి దగ్గరా చేయి చాచి ఆ మొత్తం పూర్తి చేసేసరికి డాలరు 1,500 దాటింది. "మేం నిచ్చెన ఎక్కుతుంటే ఎవరో అటకని పైకి జరుపుతూ పోయారు," అన్నాడు, మామూలు సంగతి చెప్పినట్టు.

పాలమూరాయన నన్ను గోకాడు. "ఆయన యాడికెళ్లి వచ్చిండు సార్?"

"ఆఫ్రికా నుంచి."

"అబ్బో. ఆడ దవాఖాన్లు లేవా?"

"ఉన్నాయి."

"మరి డాక్టర్లు లేరా?"

"ఉన్నారు. లండన్‌లో."

ఆయన పడీపడీ నవ్వాడు. "గట్లయితే మా లెక్కనే. మా మండలంల దవాఖాన గట్టిండ్రు, రంగు గూడ ఏసిండ్రు. డాక్టరు పట్నంల ఉంటడు. ఆయన్ని ఎదుక్కుంట మేమే పట్నమొచ్చినం."

నవ్వు ఆగాక ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. పోయినేడు భార్య ఆపరేషన్‌కి రెండున్నర లక్షలైతే సీఎం రిలీఫ్ ఫండ్ నుంచి అరవై వేలు వచ్చాయట. ఫొటోలో పెద్ద నవ్వుతో ఎమ్మెల్యే, ఆయన చేతిలో చెక్కు, చెక్కు రెండో కొస ఈయన చేతిలో, చుట్టూ పదిహేను మంది కండువాలవాళ్లు. ఈయన మొహం సగం ఒక కండువా వెనక పోయింది. పంతులు ఆ ఫొటోని దగ్గరికి లాక్కుని చూశాడు.

"ఈయనేనా వీళ్ల డాక్టరు?"

"కాదు, శాసనసభ్యుడు."

"మరి ఈయనెందుకు ఇస్తున్నాడు డబ్బు? సొంత డబ్బా?"

"కాదు, ప్రజలదే."

కాసేపు ఆలోచించాడు పంతులు. పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి కదా, మెట్టు వదలడు. "మీవి ఇంత గొప్ప ఆస్పత్రులు కదా. ఎక్కడెక్కడి వాళ్లమో మేమే వస్తున్నాం. అయితే మీ పెద్ద నాయకులకి జబ్బు చేస్తే మీ ప్రభుత్వాసుపత్రికే వెళ్తారు, అవునా?"

నాకు టీ గొంతు దిగలేదు. ఏం చెప్పను? 1984 చెప్పనా? ఆ ఏడు మా ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గుండె ఆపరేషన్‌కి హ్యూస్టన్ వెళ్లొచ్చేసరికి ఇక్కడ కుర్చీకి ఆపరేషన్ తయారుగా ఉంది. ఆగస్టు 16న గవర్నర్ ఆయన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టాడు. నెలపాటు రోడ్లన్నీ దద్దరిల్లాక గానీ ఆ కుర్చీ తిరిగి రాలేదు. పక్కింటి ముఖ్యమంత్రి ఎంజీఆర్ అదే ఏడాది బ్రూక్లిన్ ఆస్పత్రి మంచం మీంచే నామినేషన్ సంతకం పెట్టి, ప్రచారానికి రాకుండానే డిసెంబర్‌లో గెలిచేశారు. ఒకరికి అమెరికా వైద్యం పదవి ఊడగొట్టింది, ఇంకొకరికి నిలబెట్టింది. ఈ రెండు కథలనీ మేం గుండె కథగా, కిడ్నీ కథగా కాకుండా రాజకీయ కథగానే చెప్పుకుంటాం. ఆ ఆపరేషన్లు మద్రాసులోనో హైదరాబాద్‌లోనో ఎందుకు జరగలేదని ఆనాడు అడిగిన ఓటరు నాకు తగల్లేదు.

ఉస్మానియా ఆస్పత్రి సంగతి చెప్పనా? దాని తల్లివేరు అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో క్లోరోఫారం మీద ప్రయోగాలు జరుగుతుంటే, నిజాం సొమ్ము పంపి రప్పించగా, 1889లో లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ ఓడెక్కి హైదరాబాద్ వచ్చాడు. అప్పుడు లండనే మన దగ్గరికొచ్చింది! 2020 జూలైలో వానకి మురుగునీళ్లు వచ్చి మంచాల కింద నిలిస్తే ఆ పాత భవనాన్ని ఖాళీ చేయించి తాళం వేశారు. కొత్తదానికి గోషామహల్‌లో శంకుస్థాపన 2025 జనవరి 31న. ఎలుకల గురించి చెప్పనా? మాకున్నవి ప్రెస్ నోటులో పుట్టిన ఎలుకలు కావు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికి ఒక పసికందు చనిపోయింది. శాతాలు చెప్పనా? 2025 కల్లా జీడీపీలో 2.5 శాతం ప్రభుత్వం ఆరోగ్యానికి పెట్టాలని 2017 విధానంలో రాసుకున్నాం. 2021-22 జాతీయ లెక్కల్లో 1.84 దగ్గరున్నాం. మాకూ ఒక అబుజా ఉంది, దాని పేరు న్యూఢిల్లీ అని చెప్పనా? అల్లూరి జిల్లా కొండల్లో నొప్పులొచ్చిన ఆడమనిషిని దుప్పటి డోలీ కట్టి మోసుకొస్తారే, ఆవిడకి రోడ్డు మొదలయ్యే చోటే విదేశమని చెప్పనా?

పంతులు ఇంకా నా మొహం వంకే చూస్తున్నాడు. పాలమూరాయన కూడా, మాకు మాకు ఇంగ్లీషులో ఏం నడుస్తోందో అర్థంకాక, "ఏమంటుండు సార్?" అన్నాడు.

"ఏం లేదు," అని, మూడు టీల డబ్బులూ నేనే ఇచ్చేశాను.